మృతుల జ్ఞాపక చిహ్నములు: ఉంగరము మొదలు గిన్నె వరకు

మీ వంటయింటిలోని స్టీలు గిన్నెలను ఒకసారి క్రిందికి దింపి చూడుడి. వాటిలో ఒకటి రెండింటి మీదనైనను, అంచు క్రింద, చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరములు కనబడును. ఎవరో ఒకరి పేరు, పుట్టిన తేది, ప్రభువునందు నిద్రించిన తేది, ప్రక్కనే "జ్ఞాపకార్థము" అను మాట. దాని క్రింద ఇచ్చినవారి పేర్లు: కుమారులు, కోడండ్రు, కుమార్తెలు, అల్లుండ్రు. జ్ఞాపకార్థ కూడికలో భోజనములైన తరువాత బంధువులకును సంఘస్థులకును పంచిన గిన్నె అది. దానిలో మనము పెరుగు తోడు వేయుచున్నాము, చారు పోయుచున్నాము. ఆ అక్షరములను కడపట ఎప్పుడు చదివితిమో మనకే తెలియదు.

గిన్నెను గూర్చి విమర్శ యేమిటని మీరు నవ్వవచ్చును. పద్యమును గూర్చియో గ్రంథమును గూర్చియో విమర్శ వ్రాయుదురు గాని గిన్నెను గూర్చి యెవరు వ్రాయుదురు? అయితే సమాధి యొద్ద బోధకుడు చేసిన ప్రసంగమును జనులు ఒక్కసారి విందురు, గిన్నెను ముప్పది సంవత్సరములు చూతురు. చనిపోయినవారిని గూర్చి మనము నిజముగా ఏమి నమ్ముచున్నామో ఆ వస్తువు తన ఆకారముతోను అక్షరములతోను చెప్పుచునే యుండును. అది చెప్పునది సరియైనదా కాదా అని విచారించుట కాపరికి తగని పని కాదు.

ఈ ఆచారము మనతో పుట్టినది కాదు. ఐరోపా ఖండములో, ముఖ్యముగా ఇంగ్లాండులో, మూడు వందల సంవత్సరములకు పైగా చనిపోయినవారి పేరిట ఉంగరములు పంచుచుండిరి. షేక్స్‌పియరు మహాకవి 1616లో వ్రాయించిన వీలునామాలో తనతో నాటకములాడిన ముగ్గురు స్నేహితులకు, ఉంగరములు కొనుక్కొనుటకై, ఒక్కొక్కరికి 26 షిల్లింగుల 8 పెన్నీలు విడిచిపెట్టెను. అదియు మన గిన్నె వంటిదే. పోయినవాని పేరిట బ్రదికియున్నవాని చేతికి ఒక వస్తువు. అయితే ఆ కాలపు ఉంగరముల మీద ఏమి చెక్కుచుండిరో యెరుగుదురా? పుర్రె, అడ్డముగా పెట్టిన ఎముకలు, ఇసుక జారుచుండు గడియారము. పెండ్లి విందులో కూర్చున్నవాని వ్రేలి మీద పుర్రె!

అంత దూరము పోనక్కరలేదు. పులికాటు సరస్సు దక్షిణపు కొనను, తమిళనాటి సరిహద్దున, డచ్చివారి పాత సమాధుల తోట యొకటి కలదు. దాని ద్వారమునకు ఇరుప్రక్కల రాతిలో చెక్కిన ఎముకల గూళ్లు కావలివాండ్రవలె నిలిచియున్నవి. మనకు మరి దగ్గరగా, భీమునిపట్టణములో కూడ డచ్చివారి సమాధులున్నవి. 17వ శతాబ్దములో వర్తకమునకై వచ్చి, 1825లో ఆ రేవును ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిన జనము వారు. సముద్రపు గాలికి నల్లబడి, కోసుగా పైకి లేచిన ఆ కట్టడములను మీలో భీమిలి వెళ్లినవారు చూచియే యుందురు. బట్టల కొరకును లాభము కొరకును వచ్చినవారికి ఈ తీరమున మిగిలినది ఆరడుగుల నేల.

పుర్రెను చూచి మీరు ముఖము త్రిప్పుకొందురు, నాకు తెలియును. మన ప్రజలు శ్మశానపు మాటను మంగళకార్యమునాడు నోట రానియ్యరు. అయినను ఆ పాత గుర్తులో ఒక యోగ్యత యున్నదని నేననుకొనుచున్నాను. అది చనిపోయినవానిని పొగడదు, బ్రదికియున్నవాని కన్నీళ్లను చూపదు. ఉంగరము పెట్టుకొన్నవానితోనే అది మాటలాడును: నీవును పోవుదువు సుమా. విందు జరుగు ఇంటికంటె ఏడ్పు వినబడు ఇంటికి పోవుట మేలని ప్రసంగి 7వ అధ్యాయములో చెప్పినవాడు ఆ చెక్కడపు పనివానిని మెచ్చుకొనియుండును. దానిలోని లోపమేమనగా, అది అక్కడనే ఆగిపోవును. మరణము ఖాయమని చెప్పి పునరుత్థానమును గూర్చి ఊరకుండు గుర్తు, ఆదికాండము చదివి మత్తయి వరకు రానివాని వంటిది.

తరువాత 18వ శతాబ్దము గడచుచుండగా పుర్రె మరుగైనది. దాని చోట చిన్న బొమ్మలు వచ్చినవి. సమాధి మీద ఒక కలశము, దానిమీద చేయి వేసి ఏడ్చుచున్న యొక స్త్రీ, పైన కొమ్మలు నేలకు వ్రేలాడు విల్లో చెట్టు. దంతపు బిళ్ల మీద ఇదంతయు గోరంత స్థలములో చిత్రించి, అద్దము బిగించి, ఉంగరముగానో పతకముగానో ధరించుచుండిరి. కొన్నిటిలో చనిపోయినవారి వెంట్రుకలనే పొడిచేసి రంగులో కలిపిరి. పనితనము చూడ ముచ్చటగా నుండును. కాని గమనించుడి, ఇప్పుడు మాటలాడుచున్నది మరణము కాదు, ఏడ్చుచున్న స్త్రీ. గురుతు చనిపోయినవానిని విడిచి ఏడ్చువారి వైపు తిరిగినది.

ఆ కలశము సంగతి కొంచెము చెప్పవలెను. అది గ్రీకులును రోమీయులును శవమును కాల్చి బూడిదను ఉంచుకొన్న పాత్ర. శవమును పాతిపెట్టు క్రైస్తవులు బూడిద కుండను తమ సమాధుల మీద ఎందుకు పెట్టుకొనిరి? అందముగా నున్నదని, గొప్పవారి శిల్పములలో నున్నదని, అంతే. విల్లో చెట్టు మాత్రము 137వ కీర్తనలో సితారాలు తగిలించిన చెట్టని చెప్పి తెచ్చుకొనిరి. మన బైబిలులో దానిని నిరవంజి అనిరి. బబులోను కాలువల యొద్దనున్న ఆ చెట్టు బహుశః విల్లో కానే కాదనియు, యూఫ్రటీసు తీరపు మరియొక జాతి చెట్టనియు చెట్ల శాస్త్రము తెలిసినవారు ఇప్పుడు చెప్పుచున్నారు. కొమ్మలు వ్రేలాడుటను చూచి మనిషి తలవంపుగా ఊహించుకొనిరి. ఆ ఊహ మంచిదే. కాని మన గ్రామపు సమాధుల మీద గ్రానైటు పలకలో ఆ కలశమునే, ఆ చెట్టునే, రెక్కల దొరసాని బొమ్మనే చెక్కించువారిని చూచినప్పుడు నాకు అడుగవలెననిపించును: అయ్యా, మన యేటి గట్టున తాటిచెట్టు లేదా? వరి వెన్ను లేదా? గోధుమగింజ భూమిలో పడి చచ్చిననే ఫలించునని ప్రభువే సెలవిచ్చియుండగా, వరి రైతు సమాధి మీద బూడిద కుండ యెందుకు?

19వ శతాబ్దములో ఈ ఆచారము మిక్కిలి పెద్ద వర్తకమాయెను. 1861వ సంవత్సరము డిసెంబరు 14న విక్టోరియా రాణి భర్తయైన ఆల్బర్టు చనిపోయెను. ఆమె 1901లో తాను చనిపోవువరకు, నలువది యేండ్లు, నల్లబట్టలు విడువలేదు. విశాఖపట్టణపు పాత ఊరిలో ఆమె విగ్రహమును చూచినవారికి ఆమె ముఖము జ్ఞాపకముండును. రాణి నలుపు ధరింపగా దేశమంతయు ధరించెను. యార్క్‌షైరులోని విట్బీ అను సముద్రపు ఊరిలో జెట్ అను నల్లని పదార్థము దొరకును. అది రాయివలె కనబడును గాని, కోట్ల సంవత్సరముల క్రిందట నీటమునిగి బురదలో కూరుకుపోయిన చెట్ల మ్రానే అట్లు మారినది. దానిని నునుపు చేసి హారములు, చేతి కడియములు చేయుచుండిరి. కొనలేనివారు నల్లగాజుతో చేసినవి కొనుక్కొనిరి. లండనులో 1841 నాటికే దుఃఖవస్త్రములు మాత్రమే అమ్ము పెద్ద దుకాణము వెలసెను. ఎంతకాలము ఏ నలుపు ధరింపవలెనో, ఎప్పుడు ఊదారంగునకు మారవచ్చునో నియమములు పుట్టెను. నల్లని మీనాపూత పెద్దవారికి, తెల్లనిది పెండ్లికాని వారికిని పిల్లలకును అనునది అంతకుముందే యున్న ఆచారము. చిన్న ముత్యములు కన్నీళ్లకు గుర్తు.

ఈ నగలన్నిటిలో నా మనస్సును పట్టునవి వెంట్రుకలతో చేసినవి. చనిపోయిన తల్లి జడను, బిడ్డ తలమీది కురులను సన్నగా అల్లి, గొలుసుగాను లాకెట్టుగాను చేయుదురు. వెంట్రుక కుళ్లదు, రంగు త్వరగా మారదు, అందుచేత దానిని ఏరుకొనిరి. పనివారు అసలు వెంట్రుకలకు బదులు వేరొకరివి పెట్టి మోసము చేయుదురేమోనని భయపడి ఇండ్లలోని స్త్రీలే ఆ అల్లిక నేర్చుకొనిరి. మన దేశములో దీనికి సరిగా ఎదురుగా జరుగును. తండ్రి పోయిన కుమారుడు తల గొరిగించుకొని వెంట్రుకలను విడిచివేయును. అక్కడ చనిపోయినవాని వెంట్రుకను దాచుకొందురు, ఇక్కడ బ్రదికియున్నవాడు తన వెంట్రుకను పారవేయును. రెండును ప్రేమలోనుండియే పుట్టినవి కావచ్చును. అయితే మృతుని దేహములో ఒక భాగమును మెడలో కట్టుకొని తిరుగుటలో, మట్టికి ఇవ్వవలసినదానిని ఇవ్వను అను మొండితనము కొంత లేకపోలేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యొద్ద నేను ఈ మాట అనను. పుస్తకములో వ్రాయుట వేరు.

1914లో ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. ప్రతి ఇంట ఒకడు పోయినప్పుడు నల్లనగల నియమములు నిలువలేకపోయెను. ఆ వర్తకము క్రమముగా సన్నగిల్లెను.

ఇక మన సంగతికి వచ్చెదను. ఆ దేశములో స్త్రీ దుఃఖమునకు నగ పెట్టుకొనెను. మన దేశములో స్త్రీ దుఃఖమునకు నగ తీసివేయును. గాజులు పగులగొట్టుట, బొట్టు చెరుపుట, మెట్టెలు తీయుట, పుస్తెలు తెంపుట మనమెరుగని ఊరు లేదు. నిర్గమకాండము 33వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు దుఃఖించి తమ ఆభరణములను తీసివేసిరని చదువుచున్నాము గనుక నగ తీయుట దానంతట అదే తప్పు కాదు. కాని అక్కడ జనులందరు తీసిరి, పురుషులును తీసిరి. మన ఊళ్లలో భార్య చనిపోయిన పురుషుని వ్రేలి ఉంగరమును ఎవరు లాగిరి? అతని మొలత్రాడును ఎవరు తెంచిరి? ఒక్క స్త్రీ దేహము మీదనే, ఆమె ఇష్టమడుగకుండ, పదిమంది కూడి వ్రాయు దుఃఖమును నేను దుఃఖమనలేను. విజయనగరములో 1892లో గురజాడవారి కన్యాశుల్కము మొదట ప్రదర్శింపబడినప్పుడు, చిన్నతనముననే విధవయైన బుచ్చమ్మను చూచి జనులు ఆలోచనలో పడిరి. నూటముప్పది సంవత్సరములు దాటినవి. మన సంఘములలోనే, జ్ఞాపకార్థ కూడికకు ముందు తలుపు మూసి గాజులు తీయు ముసలమ్మలు ఇంకను ఉన్నారు.

మన ప్రాంతపు క్రైస్తవ స్త్రీలలో అనేకులు పుస్తెల మీద సిలువ గుర్తు వేయించుకొందురు. కంసాలి చేతిలో అది రెండు గీతల పని, ఒకటి నిలువు, ఒకటి అడ్డము. నగలలో అంతకంటె తక్కువ పనితనముగలది లేదు. కాని కలశము వలె అది అరువు తెచ్చుకొన్న గుర్తు కాదు. పెండ్లినాడు సంఘము ఎదుట కట్టబడినది, సమాధినాడు కూడ తన అర్థమును విడువనిది. పుర్రె చెప్పి ఆగిపోయిన చోటనుండి ముందుకు నడచు గుర్తు అదియొక్కటే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తల్లి, భర్తను పాతిపెట్టి వచ్చిన నాలుగవ దినమున, మెడలోని పుస్తెలను పిడికిట పట్టుకొని నన్నడిగెను: "అయ్యగారూ, ఇది తీసీమంతన్నారు. ఏటి సెయ్యమంతారు?" చుట్టు ఆడపడుచులున్నారు, పెద్దకొడుకున్నాడు. భర్త చనిపోయినప్పుడు భార్య వివాహబంధమునుండి విడుదల పొందునని రోమా పత్రిక 7వ అధ్యాయములో పౌలు వ్రాసెను. దానిని పట్టుకొని, బంధము తీరినది గనుక గుర్తును తీసివేయవలెనని కొందరు పెద్దలు వాదింతురు. వారి మాటలో నాకు కనబడు లోపమిది: మెడలోని వస్తువు మారకపోయినను దాని అర్థము మారినది. నిన్నటివరకు అది "నేను ఇతని భార్యను" అని చెప్పెను. నేడు "ఇతడు నాతో ముప్పది యేండ్లు నడచెను" అని చెప్పుచున్నది. నిన్నటి పెండ్లి గుర్తు నేడు జ్ఞాపక చిహ్నమైనది. ఇంగ్లాండు దొరసానులు దుకాణములో కొనితెచ్చుకొన్నది మన తల్లి మెడలో మునుపే యున్నది. వాక్యము దానిని ఉంచుకొమ్మనియు ఆజ్ఞాపింపలేదు, తీయుమనియు ఆజ్ఞాపింపలేదు. అమ్మా, నీ ఇష్టమని చెప్పితిని. ఆమె ఉంచుకొనెను. మరియొక ఊరిలో మరియొక తల్లి తనంతట తానే తీసి, బైబిలులో దాచుకొనెను. అదియు మంచిదే.

కొడుకులారా, మీతో కూడ ఒక మాట. తల్లి పోయిన నెల తిరుగక ముందే ఆ పుస్తెలను కంసాలి మూసలో వేయించి, తరుగు పోను వచ్చిన బంగారమును సమానముగా పంచుకొనుట న్యాయమే, చట్టమును ఒప్పుకొనును. అయితే ఒక గుర్తును కరిగించుటకు ముందు ఇంట్లోని పిల్లలనొకసారి పిలిచి చూపుడి, అది ఎవరిది, ఎప్పుడు కట్టినది అని చెప్పుడి. యెహోషువ 4వ అధ్యాయములో యొర్దానునుండి తెచ్చి నిలిపిన పండ్రెండు రాళ్లు పిల్లలు అడుగుటకే నిలుపబడినవి. అడుగుటకు పిల్లలు లేని రాయి వట్టి రాయి.

రాళ్లను గూర్చి చెప్పినప్పుడు మన కొండలను విడువరాదు. మన కొండల సవరలు, సరిహద్దుకు ఆవలి ఒడిశా సవరలు, చనిపోయినవారి కొరకు రాళ్లను నిలువుగా పాతుదురు, ఎనుబోతులను బలియిచ్చు గువార్ పండుగ చేయుదురు, పూనకము వచ్చిన స్త్రీ నోట చనిపోయినవారితో మాటలాడుదురు. పియర్స్ విటెబ్‌స్కీ అను ఇంగ్లీషు పండితుడు 1970ల నుండి వారి మధ్యకు వచ్చిపోవుచు, వారి పిల్లలు బాప్టిస్టు క్రైస్తవులైన తరువాత ఆ సంభాషణ నిలిచిపోయిన విధమును 2017లో ఒక పుస్తకముగా వ్రాసెను. చనిపోయినవారిని పలుకరించుటను మనము ఒప్పుకొనము, ఒప్పుకొనరాదు. కాని ఆ రాతి యొద్ద వారు చనిపోయినవాని పేరు పలికిరి, అతడేమి బాధపడి పోయెనో గంటల తరబడి విచారించిరి. మనము వారికి దాని బదులు ఏమి ఇచ్చితిమి? ఒక అరగంట ఆరాధన, ఒక స్టీలు గిన్నె. ఇది నన్ను బాధించుచున్నది.

అందుచేతనే అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములోని యొప్పే పట్టణపు మేడగది నాకు మరల మరల జ్ఞాపకము వచ్చును. తబితా చనిపోయెను. ఆమెకే దొర్కా అని పేరు. పేతురు లోపలికి రాగానే విధవరాండ్రు ఏడ్చుచు ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను వస్త్రములను చూపిరి. అక్కడ గ్రీకు క్రియాపదమున్న తీరును బట్టి, వారు తమ ఒంటిమీదనున్నవాటినే చూపిరని కొందరు వ్యాఖ్యాతలు చెప్పుదురు. వేదపాఠశాలలో ఈ మాట విన్న దినమున నాకు కలిగిన సంతోషము ఇప్పటికిని పోలేదు. ఆ అంగీల మీద పేరు లేదు, తేది లేదు, ఏడ్చు స్త్రీ బొమ్మ లేదు. ఉన్నది ఆమె సూది పని. చనిపోయిన తరువాత ఎవరో చేయించినది కాదు, బ్రదికియుండగా ఆమె చేతులే చేసినది.

దీని ప్రక్కన మన గిన్నెను పెట్టి చూడుడి. గిన్నెను నేను త్రోసివేయను. ఇంగ్లాండు ఉంగరముకంటె అది ఒక విషయములో మేలు: బీదవాడు ఇయ్యగలడు, బీదరాలు దానిలో వండుకొనగలదు. ఆకలి తీర్చు జ్ఞాపక చిహ్నమును తక్కువగా ఎంచరాదు. నా అభ్యంతరము అక్షరముల మీదనే. చనిపోయిన తల్లి పేరు ఒక వరుస, ఇచ్చినవారి పేర్లు, డిగ్రీలు, ఉద్యోగములు నాలుగు వరుసలు. కొడుకు లేనందున అబ్షాలోము తన పేరిట తానే స్తంభము నిలువబెట్టుకొనెను. మనము తల్లి పేరు చెప్పి మన స్తంభమును నిలువబెట్టుకొనుచున్నాము. వీధి మొగలో కట్టు ఫ్లెక్సీలోనైతే చనిపోయినవాని ముఖము నడుమ, చుట్టు శ్రద్ధాంజలి ఘటించువారి ముఖములు పదునెనిమిది, అందరును నల్లకళ్లద్దములతో. వీటి కొరకు వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబములను నేనెరుగుదును. ఊరివారు అనుకొందురని తెచ్చిరి. ఆ అప్పు తీరకముందే ఫ్లెక్సీ గొడ్లపాక మీద కప్పుగా మారినది.

విశాఖపట్టణమునకు 1805లో ఇద్దరు మిషనరీలు వచ్చిరి, జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్. క్రాన్ 1809లోను, దె గ్రాంజ్ 1810లోను చనిపోయిరి. దె గ్రాంజ్ ఆనందరాయరు సహాయముతో తెలుగు చేసిన సువార్తలు, ఆయన పోయిన రెండు సంవత్సరములకు, 1812లో సేరంపూరులో అచ్చుపడినవి. యొప్పే అంగీల వరుసలో నేను వాటిని చేర్చుదును.

జ్ఞాపకార్థ కూడికకు గిన్నెలు చేయించువారు నన్నడిగినప్పుడు నేను చెప్పునది ఇంతే. పేరు, రెండు తేదులు, ఆ మనిషి చేసిన ఒక పని. "వేసవిలో బాటసారులకు మజ్జిగ పోసెను." "సంఘములో ఇరువది యేండ్లు చాపలు పరచెను." "నలుగురు అనాథలకు అన్నము పెట్టెను." నిజమైనదే వేయించుడి. ఏమియు తోచనిచో, ఆమె చేతి వంట తిన్నవారిని నలుగురిని పిలిచి అడుగుడి, వారు చెప్పుదురు. పేర్లు పొడుచు కుర్రవాడు అక్షరమునకింత అని పుచ్చుకొనును గనుక ఖర్చు కూడ తగ్గును. మొన్న ఒక ఇంట భోజనమునకు కూర్చున్నప్పుడు నా యెదుట పెట్టిన గిన్నె మీద ఇట్టిది ఒకటి చదివితిని. ఇంటి చిన్నది ప్రక్కనుండి, "తాతయ్య నిజంగా నుయ్యి తవ్వీసేడేటి?" అని తల్లినడిగినది. తల్లి కూర వడ్డించుట ఆపి చెప్ప మొదలుపెట్టినది.